మూడు బోర్లు ఎండాక నాలుగోది 1200 అడుగులు వేయొచ్చా?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. అనంతపురం జిల్లా కల్యాణదుర్గం దగ్గర మిట్ట మీద 4 ఎకరాల చీనీ (బత్తాయి) తోట. మొదటి బోరు 450 అడుగులు వేస్తే రెండించుల నీళ్లు పడ్డాయి, నాలుగేళ్లు పోసి ఎండిపోయింది. రెండోది 620 అడుగులు, తడి తప్ప ఏమీ లేదు. మూడోది 900 దాకా వెళ్లింది, చివరిదాకా దుమ్మే. వంక (వాగు) పక్కనున్న మీ పెదనాన్న గారి బోరు మాత్రం 220 అడుగులే, అయినా ఇప్పటికీ పోస్తోంది. కొబ్బరికాయతో పాయింటు చూసినాయన 1200 అడుగుల్లో గంగ ఉందన్నాడు. మిషనుతో సర్వే చేసినాయన 850 అడుగుల దగ్గర నీళ్లున్నాయని కాగితం రాసిచ్చాడు. ఇద్దరిలో ఎవరిని నమ్మాలని అడిగారు.

ఇద్దరినీ నమ్మొద్దు. నాలుగో బోరు వేయొద్దు. ఈ మాట ఊరికే అనేసి పోతే మీకు కోపం వస్తుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. ముప్పై ఏళ్లు భూగర్భ జలాల పనిలోనే గడిపాను, ఎక్కువ భాగం అనంతపురం, మహబూబ్‌నగర్ ఎర్రనేలల్లో.

మీ ఊళ్లో పాడుబడ్డ పాతబావి ఒకటి ఉండే ఉంటుంది. వేసవిలో పగలు వెళ్లి అందులోకి తొంగిచూడండి. పైన మూడు నాలుగు అడుగులు ఎర్రమట్టి. దాని కింద గరుసు, అంటే రాయి చివికి మట్టి అవుతున్న దశ, అక్కడక్కడా సుద్ద. ఇంకా కిందికి పోతే పలకలు పలకలుగా విడిపోయే రాయి, పలకల మధ్య అడ్డంగా సందులు. లోతు పెరిగేకొద్దీ ఆ సందులు సన్నబడి, దూరదూరంగా అయిపోతాయి. ఆఖరికి ముక్క విరగని గట్టి రాయి. మీ ప్రాంతపు నీళ్ల కథంతా ఆ బావి గోడ మీదే ఉంది. కింద పారే నదులేవీ లేవు. మన గ్రానైటు, దాని పోలికే ఉండే నైస్ అనే రాయి దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటివి. వాటిలో ఇసుకలో ఉన్నట్టు రంధ్రాలు ఉండవు. నీళ్లు నిలిచేది పైన చివికిన గరుసులో, దాని కిందనున్న పగుళ్ల రాతిలో.

ఇది నా ఊహ కాదు. హైదరాబాదుకు దక్షిణంగా 35 కిలోమీటర్ల దూరంలో మహేశ్వరం అని ఉంది. అక్కడి 53 చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతాన్ని మన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు, ఫ్రాన్స్ భూగర్భ సర్వే సంస్థ బీఆర్‌జీఎం వాళ్లు 1999 నుంచి కలిసి ఏళ్ల తరబడి శోధించారు. బోర్లలో ఒక్కో లోతు దగ్గర నీటి ప్రవాహం ఎంత ఉందో కొలిచారు. తేలిందేమిటంటే, నీళ్లిచ్చే పగుళ్లు చాలామటుకు పైనుంచి 35, 40 మీటర్ల లోపే ఉన్నాయి. అడుగుల్లో చెప్పాలంటే 130 లోపు. అన్నిచోట్లా ఇదే లోతు అని నేను అనను. మీ వైపు చివికిన పొర కొన్నిచోట్ల ఇంకా పలచన, కొన్నిచోట్ల మందం. కానీ అమరిక మాత్రం అదే.

'మరి మా పక్కూరాయనకు 1000 అడుగుల్లో నీళ్లు పడ్డాయే' అంటారు. పడతాయి. గట్టి రాతిలోనూ అక్కడక్కడా నిలువు పగుళ్లు లోతుకు దిగుతాయి. అయితే ఆ పగులు పైపులాంటిది, ట్యాంకు కాదు. ట్యాంకు పైన గరుసులోనే ఉంది. ట్యాంకు ఖాళీ అయ్యాక పైపు ఎంత పొడవు పెట్టినా అందులో నిలిచి ఉన్న నాలుగు నీళ్లు తోడుకోవడమే. 1000 అడుగుల బోరు మొదట్లో ఎగజిమ్మి ఏడాదికో రెండేళ్లకో బుడబుడమనడం మీరూ చూసే ఉంటారు. ఇంకోటి, నీళ్లు పడిన బోరు గురించి ఊరంతా చెప్పుకుంటారు. దుమ్ము లేచిన బోర్ల గురించి ఎవరు చెప్పుకుంటారు? అప్పులిచ్చినవాళ్లు తప్ప.

మిమ్మల్ని ఒకటి అడగాలి. మొదటి బోరు 450 అడుగులు అన్నారు సరే, బోరు బండి ఒకదాని వెనక ఒకటి దించే రాడ్లలో నీళ్లు తగిలింది ఎన్నో రాడ్డు దగ్గర? పది మంది రైతుల్ని అడిగితే తొమ్మిది మంది బోరు లోతు చెబుతారు, నీళ్లు తగిలిన లోతు చెప్పరు. చాలాసార్లు నీళ్లు 120, 180 అడుగుల దగ్గరే తగిలి ఉంటాయి, మిగతాదంతా ఉత్త రాయి. బోరు బండి ఆయనకు అడుగుకు ఇంత అని లెక్క, కాబట్టి ఆపమని ఆయన చెప్పడు.

ఇప్పుడు అసలు లెక్కకు వస్తాను. నా జవాబులో మిగతాదంతా మరిచిపోయినా ఫరవాలేదు, ఈ లెక్క ఒక్కటి కాగితం మీద మీ చేత్తో వేసుకోండి.

మీ జిల్లాలో ఏడాది వాన సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. అందులో భూమిలోకి ఇంకి బోరుకు అందేది ఎంత? భూగర్భ జలాల అంచనాకు ప్రభుత్వం 1997లో తెచ్చిన పద్ధతిలో చివికిన గ్రానైటు నేలకు 8 నుంచి 11 శాతం అని పెట్టుకునేవారు. సుద్ద ఎక్కువుంటే 8, తక్కువుంటే 11. మనం 50 మిల్లీమీటర్లు అనుకుందాం, అంటే రెండంగుళాల నీళ్లు. ఎకరా 4,047 చదరపు మీటర్లు. దాని మీద రెండంగుళాల నీళ్లంటే 200 ఘనపు మీటర్లు, రెండు లక్షల లీటర్లు. మీ 4 ఎకరాల కింద ఏడాదికి చేరేది 8 లక్షల లీటర్లు.

ఇక ఖర్చు. చీనీ చెట్లు ఆరు మీటర్ల ఎడంతో పెడితే ఎకరాకు 110 వస్తాయి. డ్రిప్పు మీద చెట్టుకు రోజుకు సగటున 60 లీటర్లు అనుకున్నా ఎకరాకు 6,600 లీటర్లు, మీ తోటకంతా 26,000 పైనే. ఏడాదిలో 300 రోజులు ఇస్తే దాదాపు 79 లక్షల లీటర్లు. మీ మొదటి బోరు రెండించులు పోసిందన్నారు కదా, వి నాచ్ మీద, అంటే V ఆకారపు గాడిలోంచి పారే నీటి ఎత్తు కొలిచే పలక మీద, రెండించులంటే గంటకు దాదాపు 2,900 లీటర్లు. తొమ్మిది గంటల కరెంటుకు 26,000. సరిగ్గా మీ తోటకు సరిపోయింది, అందుకే నాలుగేళ్లు హాయిగా గడిచాయి. కానీ ఆ నాలుగేళ్లూ మీ పొలం కింద చేరేదానికి పది రెట్లు తోడారు. మిగతా తొమ్మిది వంతులు ఎక్కణ్ణుంచి వచ్చాయి? చుట్టుపక్కల పొలాల కిందనుంచి, పాత నిల్వలోంచి. ఆ పొలాలవాళ్లూ అదే పని చేశారు. నాలుగో ఏడు ముగిసేసరికి గరుసు పొర ఎండిపోయింది.

ఒక మాట కలపాలి. ఇంచుల లెక్క మనవాళ్లను బాగా మోసం చేస్తుంది. వి నాచ్ మీద రెండించులు నాలుగించులైతే నీళ్లు రెట్టింపు కావు, ఐదున్నర రెట్లు అవుతాయి. అటునుంచి చూస్తే, నాలుగించుల బోరు రెండించులకు తగ్గిందంటే సగం తగ్గినట్టు కాదు, ఐదింట నాలుగు వంతులు పోయినట్టు. 'ఇంకా రెండించులు వస్తున్నాయిలే' అని కూర్చున్నవాళ్లు ఆ మరుసటి వేసవికి ట్యాంకర్ల వెంట పరుగెత్తడం చాలాసార్లు చూశాను.

వరి వేస్తే ఈ లెక్క ఇంకా ఘోరం. 1,200 మిల్లీమీటర్ల నీళ్లు కావాలి, అంటే ఎకరా వరి తాగేది పాతిక ఎకరాల మీద ఇంకిన వాన. మీ చీనీ పది ఎకరాలతో సరిపెట్టుకుంటోంది, అదే కాస్త నయం.

నిల్వ సంగతి కూడా చెప్పేస్తే పూర్తవుతుంది. గరుసు, దాని కింది పగుళ్ల రాయి కలిపి పది మీటర్ల మందాన నిండుగా తడిసి ఉంటే దాంట్లోంచి మనకు వచ్చేది ఎంత అనుకుంటున్నారు? మహేశ్వరంలో లెక్క కట్టింది దాదాపు 1.4 శాతం. పది మీటర్లకు 14 సెంటీమీటర్ల నీళ్లు, అంతే. మిగతాది మట్టికి, రాతికి అతుక్కుని ఉండిపోతుంది. గంగా మైదానపు ఇసుక పొరల్లో ఇది పది రెట్లు ఉంటుంది, అందుకే అక్కడి కథలు వేరు. ఈ చిన్న సంఖ్య వల్లే మన బావులు ఒక్క మంచి వానకు గబగబా నిండుతాయి, ఒక్క పంటకు గబగబా ఎండుతాయి. అక్టోబరులో నీటిమట్టం ఐదు మీటర్లు లేచిందని సంబరపడితే, నిజంగా చేరింది ఏడు సెంటీమీటర్ల నీళ్లే.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఒకటి ఉంది. మంచి చెరువుకు ఏమేం ఉండాలో, ఏ దోషాలు ఉండకూడదో అందులో చెక్కించారు. ఆ దోషాల్లో ఒకటి, నీరు తక్కువై సాగు భూమి ఎక్కువ కావడం. బోర్లు లేని కాలంలోనే ఈ తప్పు జనానికి తెలుసు. కాకపోతే చెరువులో నీళ్లు కంటికి కనిపిస్తాయి, మన ట్యాంకు మట్టి కింద ఉంది.

మీ పెదనాన్న గారి బోరు సంగతి ఇప్పుడు అర్థమై ఉంటుంది. వంక దగ్గర గరుసు మందంగా ఉంటుంది, ఎగువ పొలాల్లో ఇంకినదంతా మెల్లగా అటే దిగుతుంది, వాన పడినప్పుడు వంకలో పారేది కూడా ఇంకుతుంది. నలభై ఎకరాల నీళ్లు ఆయన బోరు పక్కనుంచి నడిచి వెళుతున్నాయి. మీ పొలం మిట్ట మీద ఉందని మీరే రాశారు. అక్కడ 1200 కాదు 2000 వేసినా పొలం వంక పక్కకు జరగదు.

మిషను సర్వే గురించి. రెసిస్టివిటీ పద్ధతి మంచిదే, నేనూ వందలసార్లు వాడాను. భూమిలోకి రెండు మేకులతో కరెంటు పంపి, మధ్యలో ఇంకో రెండు మేకులతో వోల్టేజి కొలుస్తారు. కరెంటు మేకుల్ని దూరం జరిపేకొద్దీ లోతు సంగతి తెలుస్తుంది. తడి గరుసు కరెంటును సులువుగా పోనిస్తుంది, గట్టి రాయి పోనివ్వదు. గరుసు ఎంత మందం ఉందో, గట్టి రాయి ఎక్కడ మొదలవుతుందో చెప్పడానికి ఇంతకంటే చవకైన దారి లేదు. కానీ 850 అడుగుల దగ్గర నీళ్లున్నాయని చెప్పాడంటే ఆయన్ని ఒకటే ప్రశ్న అడగండి. వైరు ఎంత దూరం పరిచావు అని. అంత లోతు చూడాలంటే రెండు చివరల మధ్య దూరం కిలోమీటరు దాటాలి. వంద మీటర్ల వైరుతో 850 అడుగుల కబురు చెప్పడం కుదరదు. సరే, కిలోమీటరు పరిచాడే అనుకుందాం. ఆ లోతులో అరడుగు మందం పగులు ఉంటే పైనుంచి ఈ పద్ధతికి కనబడదు. వందడుగుల మందం పొర కనబడుతుంది, జానెడు పగులు కనబడదు. చేతిలో పట్టుకుని ఫోనులో రంగురంగుల బొమ్మ చూపించే యంత్రాలు ఇప్పుడు ఎక్కువయ్యాయి. రంగు చూసి డబ్బు ఇవ్వకండి.

నా తప్పు కూడా చెబుతాను, లేకపోతే నేనేదో అన్నీ తెలిసినవాణ్ణి అనుకుంటారు. తొంభైల మొదట్లో రాయదుర్గం వైపు ఒక పొలంలో సర్వే చేశాను. ఒకచోట రీడింగులు బాగా తక్కువ వచ్చాయి, తడి అనుకుని గుర్తు పెట్టాను. బండి వచ్చి 200 అడుగులు తవ్వింది, పైన యాభై అడుగులు ముద్ద ముద్దగా సుద్ద, కింద రాయి, చుక్క నీళ్లు లేవు. సుద్ద కూడా కరెంటును బాగా పోనిస్తుంది. నీళ్లకూ దానికీ తేడా తెలియాలంటే పక్కన బావులు చూడాలి, నేను చూడలేదు. ఆ పొలంలో తూర్పు పడమరలుగా నల్లరాయి కట్ట ఒకటి నడిచి ఉంది. పొలం ఆసామి వాళ్ల నాన్న, పెద్దాయన, 'నల్లరాయికి ఎగువ పక్క ఎండాకాలం కూడా గరిక పచ్చగా ఉంటాది సార్' అని ముందే అన్నాడు. నేను వినలేదు, మిషను ఉందిగా. ఆ తర్వాత వాళ్లే ఎగువ పక్క వేసుకుంటే 140 అడుగుల్లో మూడించులు పడ్డాయి. అనంతపురం జిల్లాలో ఇలాంటి నల్లరాయి కట్టలు లెక్కలేనన్ని. గ్రానైటు చీలికల్లోకి కరిగిన రాయి ఎగదన్ని గోడలా గట్టిపడ్డవి. కొన్నిచోట్ల అవి భూమి కింద ఆనకట్టలా పనిచేసి ఎగువ పక్క నీళ్లు ఆపుతాయి. మీ పొలంలో గాని, పక్కన గాని అలాంటిది ఉందేమో చూడండి. పలుగురాయి పట్టె ఉన్నా రాయండి, అది చాలాచోట్ల పగిలి ఉండి నీళ్లను పోనిస్తుంది.

కొబ్బరికాయ గురించి పెద్దగా చెప్పను. నీళ్లు ఎక్కువున్న ఊళ్లో కాయ నిలబడినచోటా పడతాయి, పడుకున్నచోటా పడతాయి. పుట్టలు, చెట్లు చూసి నీళ్లు చెప్పడం వేరే విద్య. 6వ శతాబ్దపు వరాహమిహిరుడు దాని గురించి చాలా రాశాడు, ఇరవై ముప్పై అడుగుల లోతు నీళ్లకు అందులో కొంత పస ఉంది. మేడి, నేరేడు వేళ్లు తడి లేనిచోట బతకవు. 850 అడుగుల సంగతి ఏ వేరూ చెప్పలేదు.

ఒక మినహాయింపు. ఇదంతా గ్రానైటు నేలకే. తాడిపత్రి, యాడికి వైపు సున్నపురాయి ఉంటుంది, అది నీటికి కరిగి గుహలు పడే రాయి, బెలుం గుహలు అలా ఏర్పడ్డవే. అక్కడి బోరు లెక్కలు మీకు వర్తించవు, మీవి వాళ్లకు వర్తించవు.

ఇక ఏం చేయాలి అన్నది. ముందు ఆ మూడు బోర్లనూ పరీక్షించండి. పొద్దున్నే దారానికి బరువు కట్టి వదిలి, నీటిమట్టం ఎంత లోతులో ఉందో కొలవండి. తర్వాత 5,000 లీటర్ల ట్యాంకరు తెప్పించి ఒక్కో బోరులో కొంత మంచినీళ్లు పోసి, గంట గంటకూ మట్టం చూడండి. నీళ్లు అలాగే నిలబడితే ఆ బోరులో పగులు లేదు, దాన్ని వదిలేయండి. గబగబా దిగిపోతే పగులు ఉంది, నీళ్లే లేవు. అలాంటి బోరు వాన నీళ్లు ఇంకించడానికి పనికొస్తుంది. నా అంచనా, మీ మొదటి బోరు తాగుతుంది, 900 అడుగులది తాగదు. తాగే బోరు చుట్టూ గుంత తీసి, రాళ్లు, కంకర, ఇసుక వరుసగా నింపి, వడకట్టిన నీళ్లే లోపలికి పోయేలా చేయాలి. పొలంలో పారే బురద నీళ్లు నేరుగా కేసింగు పైపులోకి వదిలారో, ఒక్క వానకే పగుళ్లు పూడిపోతాయి. వదిలేసే బోర్లకు మూత గట్టిగా వెల్డింగు చేయించండి. పిల్లలు పడిపోతున్నారని సుప్రీంకోర్టు 2010లోనే దీని మీద మార్గదర్శకాలు ఇచ్చింది.

తోట సంగతి, చెప్పడం కష్టంగానే ఉంది. నాలుగు ఎకరాలూ ఈ వేసవి దాటవు. వయసులో ఉన్న, కాపు బాగున్న ఎకరంన్నర ఎంచుకుని మిగతా చెట్ల మీద ఆశ వదులుకోండి. మొదళ్ల చుట్టూ వేరుశనగ పొట్టు గాని, గడ్డి గాని నాలుగంగుళాలు కప్పితే ఆవిరి బాగా తగ్గుతుంది. పెదనాన్న గారితో మాట్లాడండి. మన జిల్లాల్లోనే కొన్ని ఊళ్లలో బోర్లను పైపులతో కలిపి, కొత్త బోరు ఎవరూ వేయకూడదని రాసుకుని, నీళ్లు పంచుకుంటున్నారు. ఆయన బోరు పక్కనే మీరు ఇంకో బోరు వేయడం మాత్రం మనసులోకి రానీయకండి. రెండూ ఒకే నీళ్లు తోడతాయి, చుట్టరికం కూడా ఎండుతుంది. నీళ్లు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన వాల్టా చట్టం 2002 నుంచి ఉంది, కొత్త బోరుకు అనుమతి కావాలి, ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు మామూలుగా వేయనివ్వరు.

లోతు బోరుకు ఇంకో చిక్కుంది, ఎవరూ చెప్పరు. గ్రానైటులో ఎన్నో ఏళ్లు నిలిచిన నీళ్లు రాతిలోంచి ఫ్లోరైడును లాక్కుంటాయి. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా. మన దేశంలో ఈ ఫ్లోరైడు జబ్బు (ఫ్లోరోసిస్) తొలిసారి నమోదైంది కూడా తెలుగు నేల మీదే, 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ నెల్లూరు జిల్లాలో. తోటకు వేసిన బోరు నీళ్లే కూలీలు, ఇంట్లోవాళ్లు తాగుతారు కాబట్టి పెదనాన్న గారి బోరు నీళ్లు కూడా ఒకసారి పరీక్ష చేయించండి.

చివరిగా ఊరి సంగతి. మీరొక్కరే లెక్క వేసుకుంటే సగమే ఉపయోగం. 2003 నుంచి కొన్నేళ్లపాటు అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో ఆరు వందలకు పైగా ఊళ్లలో ఒక ప్రాజెక్టు కింద రైతులే వాన కొలిచారు, పదిహేను రోజులకోసారి బోర్లలో మట్టం కొలిచారు. ముంగారు (ఖరీఫ్) వానలు అయ్యాక అందరూ కూర్చుని, ఎన్ని నీళ్లు చేరాయి, హింగారుకు (రబీకి) ఎన్ని ఎకరాలు వేయొచ్చు అని గోడ మీద రాసుకున్నారు. ఎవరినీ వరి వేయొద్దని బలవంతపెట్టలేదు. లెక్క గోడ మీద ఉంటే చాలామంది వాళ్లంతట వాళ్లే తగ్గించుకున్నారు. అందరూ అని చెప్పను, ప్రాజెక్టు అయిపోయాక కొన్ని ఊళ్లు మళ్లీ మామూలే. కానీ నా ఉద్యోగంలో రైతు చేతికి లెక్క ఇచ్చిన పని నేను చూసింది అదొక్కటే. ఆ రోజుల్లో కొలతలు తీసినవాళ్లు మీ చుట్టుపక్కల ఊళ్లలో ఇంకా ఉంటారు, అడిగి చూడండి.

ట్యాంకరు పరీక్ష అయ్యాక గంట గంట కొలతలు, మొదటి బోరులో నీళ్లు ఎన్నో రాడ్డు దగ్గర తగిలాయన్నది, నల్లరాయి కట్ట ఉంటే అది ఏ దిక్కుగా నడిచిందన్నది రాయండి. పొలం నుంచి వంక దాకా వాలు ఎలా ఉందో చేత్తో గీసిన బొమ్మ ఒకటి పెడితే ఇంకా మంచిది. అప్పటిదాకా బండి వాళ్లకు అడ్వాన్సు ఇవ్వకండి.